జేజి చెప్పిన దావ

కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయినవాళ్ళందరూ మా ఊరిని చూసే ఉంటారు, కాకపోతే చూశామని వాళ్ళకు తెలియదు. ఆళ్ళగడ్డ దాటి వస్తుంటే హైవే మీద చాగలమర్రి టోల్‌గేటు అని ఒకటి వస్తుంది. ఆ చాగలమర్రే మాది. 2022లో నంద్యాల జిల్లా వేరుపడ్డాక జిల్లాకు ఈ చివర మండలం మేమే. ఇంకాస్త ముందుకు పోతే దువ్వూరు, అక్కణ్ణుంచి కడప జిల్లా. పడమటి దిక్కున కుందూ నది, నల్లరేగడి చేలు. తూర్పున చూస్తే మాత్రం ఆకాశం అంచున నీలంగా పొడుగాటి గీత ఒకటి. అదే నల్లమల. ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. వంటింటి కిటికీలోంచి రోజూ ఆ కొండల్ని చూస్తూనే బియ్యం కడుగుతాను. వానొచ్చే ముందు అవి చేతికందేంత దగ్గరికి వచ్చినట్టుంటాయి. మే నెల మధ్యాహ్నాల్లో అసలు లేనట్టే మాయమైపోతాయి.

ఈసారి వంటలూ కాదు, పండగలూ కాదు, సైకిళ్ళ గురించి రాద్దామనుకుంటున్నా. నవ్వకండి.

మా పాప హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. నాలుగేళ్ళ కిందట ఒక సైకిలు కొనుక్కుంది. దాని ధర చెప్పినప్పుడు మా ఆయన సున్నాలు సరిగ్గా విన్నానా లేదా అని మళ్ళీ అడిగారు. సన్నటి టైర్లు, వంకర హ్యాండిలు, పదికిలోల బరువు కూడా ఉండదు, ఒక చేత్తో పైకెత్తొచ్చు. ఆదివారం వస్తే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా లేచి, ముందొక తెల్ల లైటు, వెనకొక ఎర్ర లైటు పెట్టుకుని బయలుదేరుతారట. నలుగురైదుగురు స్నేహితులు. అంత పెద్ద ఊళ్ళో ఉండేవాళ్ళకు చెట్టూ చేమా చూడాలంటే అలా పోవాల్సిందే కదా.

వాళ్ళకు బాగా ఇష్టమైన దారి అనంతగిరి కొండలది. చేవెళ్ళ మీదుగా, మన్నెగూడ, వికారాబాద్. హైదరాబాద్ నుంచి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. చేవెళ్ళ రోడ్డుకు అటూ ఇటూ ముసలి మర్రిచెట్లు, తొమ్మిది వందలకు పైగా ఉన్నాయట. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టెయ్యొద్దని జనం కోర్టుకు కూడా పోయారు. "మన ఊరి పేర్లో మర్రి ఉంది గానీ చెట్లన్నీ అక్కడున్నాయి మ్మా" అనేది పాప. వికారాబాద్ దాటాక కొండ ఎక్కుతుంటే రెండు పక్కలా అడవి, పైన అనంతపద్మనాభస్వామి గుడి. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే మూసీ అక్కడ చిన్న ఊట అని అది చెప్తే నాకు భలే అనిపించింది.

ఇందులో పరీక్షలు కూడా ఉంటాయి. రెండువందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, బ్రెవె అంటారు. మూడువందలకు ఇరవై గంటలు, ఆరువందలకు నలభై గంటలు. ఎవరితోనూ పోటీ లేదు, గడువులోపల చేరితే చాలు. పాప రెండువందలు పూర్తిచేసి పతకం తెచ్చుకుంది. మా అత్త దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

అలాంటి పిల్ల మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సైకిల్ని అట్టపెట్టెలో కట్టి బస్సు డిక్కీలో వేసుకొచ్చింది. "ఇక్కడే ఉండనీ మ్మా, ఆడ ఇల్లు చిన్నది" అంది. నాలుగేళ్ళుగా ఆ చిన్న ఇంట్లోనే కదా అది ఉన్నది. నేనేమీ అడగలేదు. ఆడపిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పరు. చేతుల్లో పని పెట్టాలి. కర్జికాయలకు పూర్ణం పెడుతూ, అంచులు నొక్కుతూ, తల ఎత్తకుండా అదే చెప్పింది.

నవంబరులో ఒక ఆదివారం. అడవి దారిలో స్నేహితులు ముందు పోయారు, ఇది కాస్త వెనకబడింది. బండి మీద ఇద్దరు. మొదట పక్కన వచ్చారు, ఏదో అన్నారు. తర్వాత ముందుకు పోయి మలుపులో ఆగి ఉన్నారు. ఇది దాటగానే మళ్ళీ వెనక. అలా ఆరేడు కిలోమీటర్లు. చివరికి ఒక టీకొట్టు కనబడితే అక్కడ ఆగి, స్నేహితులకు ఫోన్ చేసి, వాళ్ళు వెనక్కి వచ్చేదాకా టీ మీద టీ తాగుతూ కూర్చుందట. బండి మీదవాళ్ళు కాసేపు చూసి పోయారు.

"ఏమీ జరగలేదు మ్మా" అంది చివర్లో.

మీరు కూడా ఈ మాట ఎన్నోసార్లు అని ఉంటారు. బస్సులో, సినిమాహాలు దగ్గర, పెళ్ళిలో. ఏమీ జరగలేదు కాబట్టి పోలీసులకు చెప్పడానికి ఏమీ లేదు, ఇంట్లో చెప్పడానికి ఏమీ లేదు. కాకపోతే ఆ పిల్ల ఆ రోజు నుంచి సైకిలు ఎక్కలేదు. వెనక మోటార్‌బండి చప్పుడు వింటే చాలు, ఆఫీసుకు నడిచి పోతున్నా సరే, వీపు బిగుసుకుపోతోందట.

విషయం తెలిసి మా ఆయన "మానేసింది కదా, మంచిదేలే" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. తండ్రి భయం అలాగే మాట్లాడుతుంది. పిల్లను కాపాడడానికి తన చేతిలో ఉన్నది ఒక్క తలుపే, అది మూసేస్తే చాలనుకుంటారు. నాకు మాత్రం మా పుట్టింటి సైకిలు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు గంటకు అర్ధరూపాయి అద్దె సైకిళ్ళు ఉండేవి. కాలు అందక ఫ్రేము మధ్యలోంచి కాలు పెట్టి తొక్కి నేర్చుకున్నదాన్ని. ఎనిమిదో తరగతిలో నాన్న సెకండ్‌హ్యాండులో ఒకటి కొనిచ్చారు, రెండేళ్ళు బడికి దాని మీదే పోయాను. పది పాసయ్యాక ఒకరోజు చూస్తే అది తమ్ముడి సైకిలు అయిపోయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వద్దనలేదు. మా వీధిలో అందరి ఇళ్ళలోనూ అంతే. సైకిలు ఆడపిల్ల నుంచి తమ్ముడికి పోయేది, అక్క లంగావోణీలు చెల్లెలికి వచ్చినంత మామూలుగా.

మళ్ళీ ఎక్కింది పోయినేడాది, మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని. నడిస్తే నొప్పి, సైకిలు తొక్కితే మోకాలి మీద బరువు పడదు, తొక్కమ్మా అన్నారు డాక్టరు. బుట్ట ఉన్న లేడీస్ సైకిలు ఒకటి కొన్నాం. పొద్దున్నే నేనూ, మా వీధిలో ఉండే ఉర్దూ టీచరమ్మా కేసీ కెనాల్ కట్ట మీద పోతాం. కర్నూలు–కడప కాలువ. నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది, నీళ్ళు పారడమే కాదు, పడవలు కూడా నడవాలని. పడవల సంగతేమో గానీ ఇప్పుడు కట్ట మీద మా ఇద్దరి సైకిళ్ళు నడుస్తాయి.

మొదటి నెల మాటలు వినాలి. "ఈ వయసులో సైకిలేందమ్మా", "స్కూటీ కొనుక్కోపోయినారా", "ఇంట్లో పనేం లేదా". బర్రెల్ని తోలుకొచ్చేవాళ్ళు, నారుమడికి నీళ్ళు కట్టేవాళ్ళు, అందరూ నిలబడి చూసేవాళ్ళు. టీచరమ్మ మాత్రం ప్రతి ఒక్కరినీ పలకరించేది. "మినుములు ఎన్ని బస్తాలయినాయన్నా? పాప పరీక్ష రాసిందా?" మూడు నెలలు పోయాక ఆమెకు జ్వరం వచ్చి మేము నాలుగు రోజులు పోలేదు. అయిదో రోజు బర్రెలాయన ఎదురొచ్చి "ఏమ్మా, కానరాలేదే, బాగుండారా?" అన్నాడు. అంతకుముందు చూసిన కళ్ళే అవి. అప్పుడు చూసేవాళ్ళు, ఇప్పుడు కనిపెట్టుకుని ఉన్నారు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదే పాపతో అన్నాను. "కనుమ పోయినాక ఆదివారం అహోబిలం పోదామా, సైకిళ్ళ మీద?"

అది నా మొహం చూసింది. "నీ సైకిలు మీద నువ్వా?"

"ఊ. పాతిక ముప్పై కిలోమీటర్లేగా. నీకు గంట, నాకు మూడు గంటలు. నువ్వు ఆగి ఆగి రా."

మా ఊరి నుంచి కొండ పక్కగా చిన్న ఊళ్ళ మీదుగా దారి ఉంది. హైవే ఎక్కకుండా పోవచ్చు. పాప ఫోన్‌లో మ్యాపు తీసి గీత గీసింది. కింద ఎత్తు పల్లాల బొమ్మ కూడా చూపిస్తుంది అది. దిగువ అహోబిలం దాకా దాదాపు చదునుగా, అక్కణ్ణుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్లు అడవిలో ఎక్కుడు. మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుస్తున్న మా అత్త తొంగి చూసింది. ఆమెకు డెబ్భై ఎనిమిది.

"ఆ ఫోన్లో నీళ్ళు యాడ దొరుకుతాయో చూపిస్తాదా?"

"లేదు జేజీ."

"నీడ యాడుందో?"

"లేదు."

"ఎవురిండ్లు యాడుండాయో?"

"అది కూడా లేదు."

"మల్ల ఇంగేం దావ అది? రాసుకో, నేను చెప్తా."

మా అత్త చిన్నతనంలో తిరునాళ్ళకు ఎద్దులబండి వెంట నడిచి పోయినావిడ. బండిలో ముసలివాళ్ళూ పసిపిల్లలూ, నడవగలిగినవాళ్ళు నడక. రాత్రంతా పాటలు. ఆమె చెప్తుంటే పాప మ్యాపులో గుర్తులు పెట్టుకుంటూ పోయింది. ముత్యాలపాడులో మా ఆడబిడ్డ తోడికోడలి పుట్టిల్లు. "చాగలమర్రి పెద్దమ్మ మనవరాలినని చెప్పు, నీళ్ళిచ్చి రొట్టె తిని పొమ్మంటారు." ఆ తర్వాత చింతచెట్టు కింద బోరింగు. ఆంజనేయస్వామి గుడి, అరుగు మీద కూర్చోవచ్చు, పూజారి భార్య మంచిది. బాత్రూముకు పోవాలంటే బడి. ఫలానా మలుపులో మూడు కుక్కలు, "పెద్దది అరుస్తాది, చిన్నదే కరుస్తాది". ఈ కుక్కలు ఎప్పటివి అని పాప అడిగితే, మా మామగారు బతికున్నప్పటివి అంది. అందరం పడీ పడీ నవ్వాం.

ఈ ఊళ్ళన్నీ ఆమెకు ఇంతగా గుర్తుండడానికి ఇంకో కారణం పారువేట. మా పక్కవాళ్ళు కాని పాఠకుల కోసం చెప్తాను. కనుమ రోజు అహోబిలం నుంచి స్వామి పల్లకీలో బయలుదేరి నలభై రోజులకు పైగా మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతారు. ముప్పైకి పైగా ఊళ్ళు. ఫాల్గుణంలో జరిగే తన కళ్యాణానికి తనే వచ్చి పిలుచుకుంటాడని నమ్మకం. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు అల్లుడు. బయలుదేరేటప్పుడు చెంచులు బాణాలు వేసి మరీ సాగనంపుతారు. కారులో ఒక పూటలో చుట్టి రాగల ఊళ్ళకు ఆయన నలభై రోజులు తీసుకుంటాడు. ప్రతి ఊళ్ళో దిగాలి, ఫలానా ఇంటివాళ్ళ తెలుపు మీద కూర్చోవాలి, ఫలానా వాళ్ళ హారతి తీసుకోవాలి. ఎవరి వంతు ఏమిటో తాతలనాటి నుంచి లెక్క ఉంది. మా అత్త దావ ఆ లెక్కల్లోంచి వచ్చిందే.

ఆదివారం పొద్దున ఆరుకు ముందే బయలుదేరాం. చలి, మంచు. నా బుట్టలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, అరటిపళ్ళు, రెండు సీసాల నీళ్ళు. చున్నీ నడుముకు అడ్డంగా బిగించి కట్టుకున్నాను, చైనులో పడకుండా. ప్యాంటు అంచుకు రబ్బరుబ్యాండు. ఎప్పుడైనా మీరు ఎక్కితే ఈ రెండూ మరిచిపోకండి. దారికి రెండు పక్కలా జొన్న చేలు కంకుల మీద, శనగ చేలు పూతా కాయా మీద. పాప మొదట నాకు ముందు పోయింది. కాసేపటికి వెనకబడింది. వెనక ఏ బండి చప్పుడు వచ్చినా నా పక్కకు వచ్చేస్తోంది. నేను గమనించనట్టే తొక్కాను.

ముత్యాలపాడు దాటాక దాని ముందు టైరు గాలి పోయింది. పల్లేరు ముల్లు. నా లావు టైర్లకు ఏమీ కాలేదు, నేను కాస్త గర్వపడ్డాను. అది రోడ్డు పక్కన సైకిల్ని తలకిందులు పెట్టి, చక్రం విప్పి, ట్యూబు తీసి కొత్తది వేస్తుంటే కూలికి పోతున్న ఆడవాళ్ళు పది మంది చుట్టూ చేరారు.

"యా ఊరమ్మా?"

"ఎవురింటోళ్ళు?"

"నువ్వే బాగు చేస్తాండావా? ఎవురు నేర్పిచ్చినారు?"

"పెండ్లయిందా?"

అన్నిటికీ నేను జవాబులు చెప్పాను. ఒకామె చక్రం పట్టుకుంది, ఇంకొకామె పంపు కొట్టి చూస్తానంది, కొట్టింది, అందరూ నవ్వారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. మేము కదలగానే వెనకనుంచి "ముందర బ్రిడ్జి కాడ కంకర పోసినారు, చూసుకోని పో తల్లీ" అని ఒక కేక.

కాస్త దూరం పోయాక పాప అడిగింది. "మ్మా, ఎవరింటోళ్ళు అని చెప్తేనే నన్ను బాగా చూస్తారా? ఎవరో తెలియని ఊళ్ళో నేనేం చెప్పాలి? అనంతగిరిలో నేను ఎవరింటిదాన్ని?"

మంచి ప్రశ్న. అంతే కాదు, ఎవరింటోళ్ళు అన్న ప్రశ్నే మనల్ని ఇళ్ళలో కూర్చోబెట్టింది కూడా. ఫలానా వాళ్ళ కోడలు సైకిలు తొక్కుతోందట అనే మాట సాయంత్రానికల్లా మా ఆయన కొట్టు దగ్గరికి చేరడం నాకు తెలుసు. ఎరిగినవాళ్ళ మధ్య ఉండే ధైర్యమూ, ఎరిగినవాళ్ళ మధ్య ఉండే భయమూ ఒకే చెట్టు కాయలు. అది అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. "ఊపిరాడ్డం లేదు, కొండ దగ్గర మాట్లాడుకుందాం" అన్నాను. అదీ నిజమే.

కొండకు చేరువయ్యేకొద్దీ నేల రంగు మారుతుంది. రేగడి పోయి ఎర్రమట్టి, గుండ్రాళ్ళు, తంగేడు పొదలు. తెలుగుగంగ కాలువ అక్కడే కొండ అంచు పట్టుకుని పోతుంది. మద్రాసుకు తాగునీళ్ళు పంపడానికి 1983లో ఒప్పందం చేసుకుని తవ్విన కాలువ. కృష్ణ నీళ్ళు మా చేల పక్కనుంచి ఎవరో ఎరగని ఊరి బిందెల దాకా పోతున్నాయి. బాచేపల్లి దగ్గర కుక్కలు వచ్చాయి. మూడే. చిన్నదే మీదికొచ్చింది. పాప నవ్వాపుకోలేక సైకిలు దిగిపోయింది. దిగితే కుక్కలు కూడా ఆగిపోతాయి, అదొక చిట్కా.

దిగువ అహోబిలం చేరేసరికి తొమ్మిదిన్నర. ప్రహ్లాదవరదుడి గుడి ముందు మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. దర్శనానికి వచ్చాను అన్నారు, మేము అడగకముందే. ఆయన చేతిలో ఫ్లాస్కు, జేబులో పాప పొద్దున మరిచిపోయిన సన్‌స్క్రీన్ ట్యూబు. నాకు ఆ ఎక్కుడు చేతకాదు, నేను అక్కడే ఆగుతానని ముందే అనుకున్నాం. పాప ఒక్కతే పైకి పోవాలి. ఎనిమిది కిలోమీటర్లూ అడవే.

"నేను వెనకాల నెమ్మదిగా స్కూటర్ మీద వస్తా, నువ్వు తొక్కు" అన్నారు ఆయన.

పాప కాసేపు ఊరుకుంది. తర్వాత చాలా మెల్లగా "వద్దు నాన్నా. వెనకాల బండి చప్పుడే నాకు పడట్లేదు" అంది.

ఆయన మొహం అప్పుడు ఎలా అయిందో రాయడం నాకు రావడం లేదు. మానేసింది మంచిదేలే అన్న మనిషికి, మానేసినంత మాత్రాన ఆ చప్పుడు ఆగలేదని అప్పుడు అర్థమైంది. స్కూటర్ తాళం తీసి జేబులో వేసుకున్నారు. "పో తల్లీ. మేమిక్కడే ఉంటాం" అన్నారు.

అది పోయింది. మేము గుడి మెట్ల మీద కూర్చున్నాం. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఎదురుచూపు కొత్త కాదు. కానీ ఆ పూట మాత్రం ఎదురుచూడడమే మా వంతు పని, దాన్ని సరిగ్గా చెయ్యాలి అన్నట్టు కూర్చున్నాం. ఫోన్ చెయ్యలేదు. ఆయన ఒకసారి దర్శనానికి పోయి వచ్చారు, ఒకసారి రోడ్డు దాకా పోయి వచ్చారు. టీ చల్లారిపోయింది. కొండ ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసి, కాళ్ళు వేగంగా తిప్పుతూ, ఊపిరి లెక్క తప్పకుండా పోవాలని, తల ఎత్తి పైమలుపు చూడకూడదని, చక్రం ముందున్న పది అడుగులే చూడాలని అది నాకు ఎప్పుడో చెప్పింది. నేను మెట్ల మీద కూర్చుని ఆ పది అడుగులే చూస్తున్నాను.

గంటా ఇరవై నిమిషాలకు తిరిగొచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి, జుట్టంతా చెమట. కారంజ నరసింహస్వామి కానుగచెట్టు దగ్గర ఒకసారి ఆగిందట. భవనాశినిలో కాళ్ళు పెట్టిందట. కోతులు అరటిపండు లాక్కున్నాయట. అన్నీ చెప్పాక, నీళ్ళు తాగుతూ "ఎక్కేటప్పుడు వెనక రెండు బండ్లు వచ్చినాయి. మొదటిది దాటిపోయేదాకా ఆగి నిలబడ్డా. రెండోదానికి ఆగలేదు. ఆయన పక్కకొచ్చి, ఇంకా రెండు మలుపులే తల్లీ అని పోయినాడు" అంది. సీసా మూత పెట్టి, "మూడు మలుపులున్నాయి, అబద్ధం చెప్పినాడు" అని నవ్వింది.

ఒక్క రోజుతో అన్నీ బాగయ్యాయని రాస్తే అది కథ అవుతుంది. ఇంటికి సైకిళ్ళను ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాం, దారంతా పాప నిద్రపోయింది. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చినప్పుడు అట్టపెట్టె తీసి సైకిలు తీసుకుపోయింది. మొదట చాన్నాళ్ళు ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసి 2023లో తెరిచిన సైకిలు ట్రాక్ మీదే తొక్కింది. ఇరవై మూడు కిలోమీటర్లు, మోటార్‌బండ్లు రావు. కొండలు మాత్రం లేవు.

తర్వాత అదీ, ఇంకో ముగ్గురు ఆడపిల్లలూ కలిసి ఒక పని మొదలుపెట్టారు. అనంతగిరి దారికి వాళ్ళ జేజి లేదు కదా, వాళ్ళే జేజి చెప్పిన దావ ఒకటి తయారు చేసుకుంటున్నారు. నాలుగు ఆదివారాలు వేగం సంగతి మరిచిపోయి ఆగడానికే పోయారట. బాత్రూము శుభ్రంగా ఉన్న పెట్రోలు బంకు, తెల్లవారుజామునే తెరిచే ఇడ్లీ కొట్టామె, మర్రిచెట్టు కింద చెరుకురసం ముసలాయన. ప్రతిసారీ అక్కడే ఆగి, పేరు చెప్పి, పేరు అడిగి, టీ తాగి పోవడం. ఆ రోజు తను కూర్చున్న టీకొట్టుకు కూడా పోయింది. కొట్టాయనకు గుర్తుంది. "ఆ పొద్దు నువ్వు అయిదు టీలు తాగినావు, ఏదో అయిందనుకున్నా, అందుకే నేను కొట్టు మూసెయ్యకుండా కూసున్నా" అన్నాడట. ఈ మాట చెప్పడానికి పాప రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది.

అనంతగిరిలో నేను ఎవరింటిదాన్ని అని అది అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చుకోలేని జవాబు కొంత అక్కడ దొరికిందనుకుంటాను. అంతా కాదు. చాలామంది తొక్కితే మిగిలింది దొరుకుతుందేమో. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పించారు. షీలా రాణి చుంకత్ అని ఒక మహిళా కలెక్టరు ముందు నిలబడ్డారు. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. కూలిపనికి, నీళ్ళకు, సంతకు, బడికి సైకిలే. మొదట్లో వాళ్ళూ మాటలు పడ్డారు. దారి మీద ఆడమనిషి ఒక్కతే ఉంటే అందరూ తిరిగి చూస్తారు, వెయ్యిమంది ఉంటే ఎంతమందినని చూస్తారు?

పాపకు ఇప్పుడు ఇంకో దారి మీద మనసు పడింది. నంద్యాల నుంచి గిద్దలూరుకు నంది కనుమ మీదుగా నల్లమలను అడ్డంగా దాటే ఘాట్ రోడ్డు. నేను మా అత్తను అడిగాను. ఆ పక్క తనకు ఎవరూ తెలియదంది. రెండు రోజులు ఆలోచించి, గిద్దలూరులో తన చిన్నాయన కూతురి వియ్యపురాలు ఉండాలి, బతికుంటే, అంది. ఇప్పుడు ఆ ఫోన్ నంబరు వెతుకుతున్నాం.

ఇది చదివేవాళ్ళలో సైకిలు తొక్కే అమ్మాయిలు ఉంటే, వాళ్ళ అమ్మలు ఉంటే, ఒక మాట. కర్నూలు నుంచి కడప వైపు గానీ, అహోబిలం గానీ పోతూ చాగలమర్రి మీదుగా వస్తే ఊళ్ళోకి తిరగండి. ఇక్కడ కామెంట్‌లో ముందురోజు చెప్తే చాలు, ఇల్లు ఎక్కడో నేనే చెప్తాను. చల్లటి నీళ్ళు, బాత్రూము, రెండు రొట్టెలు, నడుము వాల్చడానికి మంచం ఉంటాయి. ఎవరింటోళ్ళు అని మా అత్త తప్పకుండా అడుగుతుంది. ఏ ఊరైనా సరే, చెప్పండి. ఎక్కడో ఒకచోట ఆమె మీకు చుట్టరికం కలిపేస్తుంది.